ఆతతాయి: ఇల్లు చొచ్చిన దొంగ, గృహస్థుని హక్కు

ఏలూరునకు ఉత్తరమున పెదవేగి యను గ్రామము కలదు. ఇదియే పూర్వపు వేంగి. శాలంకాయనులకును, తరువాత తూర్పు చాళుక్యులకును రాజధాని. రాజునకు కోటయు సైన్యమును ఉండెను. సామాన్య గృహస్థునకో, తలుపు గడియయు మూలనున్న దుడ్డుకఱ్ఱయుమే రక్ష. అర్ధరాత్రమున కన్నము వేసి లోపలికి వచ్చినవానిపై ఆ కఱ్ఱ నెత్తవచ్చునా? ఎత్తినచో ఎంతవఱకు? శ్రోతలారా, నేటి విచారము ఇది.

మన స్మృతులలో ఇట్టి దౌర్జన్యపరునకు ‘ఆతతాయి’ యని పేరు. ఇంటికి నిప్పు పెట్టువాడు, విషము పెట్టువాడు, ఆయుధము చేబూని చంపవచ్చువాడు, ధనము హరించువాడు, భూమి హరించువాడు, భార్య నపహరించువాడు – ఈ యార్గురును ఆతతాయులు. మీదికి వచ్చు ఆతతాయి గురువైనను, వృద్ధుడైనను, వేదవేత్తయైనను సంశయింపక వధింపవచ్చునని మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయము చెప్పుచున్నది. ఈ మాట నింతవఱకే విని తృప్తి చెందువారు పెక్కురు.

కాని వ్యాఖ్యాతలు అచ్చట ఆగలేదు. వేంగీరాజ్యముకొఱకు చోళులతో పోరాడిన కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆఱవ విక్రమాదిత్యుని (1076–1126) కాలమున విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి ‘మితాక్షర’ యను వ్యాఖ్యను రచించెను. బ్రాహ్మణాదులగు ఆతతాయులనుగూర్చి ఆయన చేసిన నిర్ణయము మిక్కిలి సూక్ష్మమైనది. చంపవలెనను తలంపు లేక, తన్ను కాచుకొనుటకై అడ్డగించుచుండగా ఎదుటివాడు పొరపాటున మరణించెనా, స్వల్ప ప్రాయశ్చిత్తమే కాని రాజదండము లేదు. ఇచ్చట ముఖ్యమైనది నివారణము, వధ కాదు. 13వ శతాబ్దిలో కేతన ఈ మితాక్షరను ఆధారముగా గొని ‘విజ్ఞానేశ్వరీయము’ను పద్యములలో రచించి, ధర్మశాస్త్ర విచారమును తెనుగున నిలిపెను.

అన్యదేశములవారును ఇట్టి హద్దునే వెదకిరి. రాత్రి కన్నము వేయుచు దొరికి చచ్చిన దొంగవిషయమున దోషము లేదనియు, ప్రొద్దు పొడిచిన పిదప చంపినచో దోషమనియు యూదుల నిర్గమకాండము విధించినది. క్రీ. పూ. 5వ శతాబ్దినాటి రోమకుల పండ్రెండు ఫలకముల శాసనము రాత్రి దొంగను చంపుటకు సమ్మతించి, పగటి దొంగ ఆయుధముతో ఎదిరించినగాని చంపరాదన్నది. చీకటిలో వచ్చినవాని చేతిలో నేమున్నదో గృహస్థు డెఱుగడు. సహాయమునకు వచ్చువారును అరుదు. ఈ భేదమునకు కారణ మిదియే.

1860 నాటి శిక్షాస్మృతియు, దానికి బదులుగా 2024 జూలై 1న అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితయు ఈ హక్కును గుర్తించినవి. సంహిత 41వ సెక్షనుప్రకారము, సూర్యాస్తమయమునకు పిదప, సూర్యోదయమునకు ముందు ఇల్లు భేదించి చొచ్చువానిని ఎదుర్కొనుటలో ప్రాణహానియు క్షమ్యమే. అయినను 37వ సెక్షను హద్దు విధించినది: రక్షణకు కావలసినంతకంటె మించిన హాని చేయరాదు, అధికారుల నాశ్రయించుటకు వ్యవధి యున్నచోట ఈ హక్కే లేదు. తుపాకి యుంచుకొనుటకో, 1959 నాటి ఆయుధముల చట్టముక్రింద లైసెన్సు ఉండవలెను.

పట్టుబడినవానిని స్తంభమునకు కట్టి ఊరెల్ల కూడి కొట్టిన వార్తలు నేటికిని వినవచ్చుచున్నవి. ఒక్కొక్కప్పుడు అట్టివాడు దారి తప్పిన బాటసారియో, మతి చలించిన దీనుడో యగుచున్నాడు. దానికి ఆత్మరక్షణమను పేరు చెల్లదు. ఎత్తిన కఱ్ఱ ఆపదను తొలగించునంతవఱకే ధర్మము. దొంగ చేతులు కట్టుబడిన క్షణముననే గృహస్థుని హక్కు తీరినది. అటుపై శిక్షించుట న్యాయస్థానపు పని.