మన నావకి రాడార్ పెడితే ఎంతవుద్ది?

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు తాళ్ళరేవు దగ్గర ఒక బాబాయ్ కలిశాడు. సొంత బాబాయేం కాదు, ఊరి వరస. భైరవపాలెం మొగ దాటి వేటకెళ్తాడు. నావకి ఇంజనుంది గానీ డీజిలు ఖర్చుకి భయపడి గాలి కుదిరితే ఇప్పటికీ తెరచాపే ఎత్తుతాడు.

"ఏరా అబ్బాయ్, నువ్వు కంప్యూటర్ ఇంజనీరువి కదా. పెద్ద ఓడల మీద గిర్రున తిరిగేది ఉంటది చూడు, రాడారో ఏదో. మన నావకి పెడితే ఎంతవుద్ది?" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. జావా రాసుకునేవాణ్ణి, నన్నడిగితే ఏం చెప్పను? ఈలోగా ఆయనే అన్నాడు, "96లో మా అన్న పోయాడు కదా. అదుంటే ముందే కనబడేదేమోనని." ఇంక నవ్వలేదు. హైదరాబాదు వచ్చాక కూర్చుని లెక్కలు చూశాను. చూస్తూ చూస్తూ చరిత్రలోకి వెళ్ళిపోయాను.

ముందు లెక్క. రాడార్ తరంగాలు దాదాపు తిన్నగా వెళ్తాయి, భూమేమో గుండ్రం. అయిదు మీటర్ల ఎత్తులో పెడితే సముద్ర మట్టం మీద కనబడేది సుమారు తొమ్మిది కిలోమీటర్లు. ఎత్తైన ఓడా, వానమబ్బూ ఇంకొంచెం దూరం నుంచి తెలియొచ్చు. కానీ వందల కిలోమీటర్ల అవతల తిరుగుతున్న తుఫాను? దాని ఊసే ఉండదు. పైగా చిన్న రాడారైనా ముప్ఫై నలభై వాట్లు తాగుతుంది. రాత్రి పది గంటలు నడిపితే పన్నెండు వోల్టుల బ్యాటరీలోంచి సుమారు ముప్ఫై ఆంపియర్-అవర్లు పోతాయి. బిగించడం ఇంకో తలనొప్పి. గాలి మారినప్పుడు చాప మోసే వాసాన్ని స్తంభానికి అటునుంచి ఇటు తిప్పాలి. అక్కడ రాడార్ ఉంటే వాసం తగులుతుంది. పైన బరువెక్కువైతే నావ ఒరుగుతుంది.

అంటే బాబాయ్ అడిగిన పని నావ మీద రాడార్ చెయ్యలేదు. మరి ఎవరు చేస్తారు?

ఈ ప్రశ్న మన తీరంలో కొత్తది కాదు. తాళ్ళరేవు పక్కనే ఉన్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టే రేవు. 1789 డిసెంబరులో వచ్చిన ఉప్పెన ఆ రేవుని ముంచేసింది. 1839 నవంబరులో ఇంకోటి. వేలమంది పోయారు. కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన ఇలాంటి గాలివానల వివరాలన్నీ పోగేసి 1848లో నావికుల కోసం పుస్తకం వేశాడు. 'సైక్లోన్' అనే మాట పుట్టించింది ఆయనే. దాంతోపాటు కొమ్ముతో చేసిన పారదర్శకమైన బిళ్ళలు ఇచ్చాడు. ఉత్తరార్ధగోళానికి ఒకటి, దక్షిణార్ధగోళానికి ఒకటి. గాలి ఎటునుంచి కొడుతోందో చూసి, బిళ్ళని మ్యాపు మీద పెడితే తుఫాను నడిబొడ్డు ఎటుందో అంచనా దొరికేది. కరెంటు లేని కాలంలో తెరచాప ఓడకి అదే రాడార్ అనుకోండి!

అసలు రాడార్ ఆలోచన కూడా ఓడల కోసమే మొదలైంది. 1904లో జర్మనీలో హ్యూల్స్‌మయర్ అనే ఇంజనీరు కొలోన్ ఊళ్ళో రైన్ నది మీద వెళ్ళే పడవని రేడియో తరంగాలతో పసిగట్టి చూపించాడు. నౌకాదళాలు పట్టించుకోలేదు. ముప్ఫై ఏళ్ళ తర్వాత యుద్ధభయం వచ్చాక అందరికీ రాడార్ కావాల్సొచ్చింది. మన తుఫాను కథలాగే లేదూ? దెబ్బ తగిలేదాకా ఎవరికీ పట్టదు.

మన దేశంలో మొదటి తుఫాను రాడార్ 1970లో విశాఖపట్నంలో పెట్టారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన పదివేల మందికి పైగా పొట్టన పెట్టుకుంది. మచిలీపట్నానికి 1981లో రాడార్ వచ్చింది. ఇలాంటివాటికి సుమారు 400 కిలోమీటర్ల చూపు. అంటే గోదావరి మొగలు రెండింటి చూపులోనూ ఉన్నట్టే.

అయినా 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకి దక్షిణాన తీరం దాటిన తుఫానులో వెయ్యిమందికి పైగా పోయారు. వాళ్ళలో చాలామంది వేటకెళ్ళినవాళ్ళు. చూసే యంత్రం ఒడ్డున ఉంది, నావలో వైర్లెస్ లేదు. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే సర్వర్ దగ్గర డేటా ఉంది, క్లయింటుకి కనెక్షనే లేదు. బాబాయ్ వాళ్ళ అన్న పోయింది ఆ ఖాళీలోనే అని నాకనిపిస్తుంది.

తర్వాత మచిలీపట్నంలో 2004లో, విశాఖలో 2006లో డాప్లర్ రాడార్లు వచ్చాయి. ఇవి వానతో పాటు గాలి వేగాన్నీ కొలుస్తాయి. ఆ ఖాళీని పూడ్చే ప్రయత్నం మాత్రం మెల్లగా జరిగింది. 2010 నుంచి ఇస్రో తయారుచేయించిన ఆపద సందేశం పంపే పెట్టె వాడకంలోకి వచ్చింది. మీట నొక్కితే ఉపగ్రహం ద్వారా కోస్ట్ గార్డుకి కబురెళ్తుంది. 2024లో వచ్చిన రెండో తరం పెట్టెలో "మీ కబురందింది" అని తిరుగు జవాబు కూడా వస్తుంది, తుఫాను హెచ్చరికలూ అందుతాయి.

బాబాయ్‌కి ఫోన్ చేసి చెప్పాను. "రాడార్ వద్దు. ఆ పెట్టె పెట్టించు. ఇంకోటి, చెక్క నావ ఓడల రాడార్లో సరిగ్గా కనబడదు. మూడు రేకులు ఒకదానికొకటి లంబంగా అతికించి స్తంభం మీద కట్టు. ఎటునుంచి తగిలిన తరంగాన్ని అటే తిప్పి పంపుతుంది. కాకినాడ రేవుకొచ్చే ఓడలకి రాత్రిపూట నువ్వు కనబడతావు."

"రేకులదేముంది, రేపే కట్టేస్తాను" అన్నాడు. కాసేపాగి, "తుఫానని పెట్టె చెప్తది సరే. వెళ్ళని రోజు ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుద్దో అదీ చెప్తదేంట్రా?" అని అడిగాడు.

దానికి నా దగ్గర లెక్క లేదు. మీలో ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, బాబాయ్‌కి చేరేస్తాను.