రంగంలో లఫెట్ పళ్ళెం

గంజాం మొదలు యానాం దాకా మీది ఏ ఊరైనా, 'రంగం వెళ్ళడం' అనే మాట పెద్దల నోట వినే ఉంటారు. రంగం అంటే రంగూన్. 1852లో దిగువ బర్మా ఇంగ్లీషువారి చేతికి చిక్కాక గోపాలపురం, కళింగపట్నం, విశాఖ, కాకినాడ రేవుల నుంచి మనవాళ్ళు పొగ ఓడలెక్కి కూలికి వెళ్ళారు. వారికన్నా ముందే యానాం పక్కనున్న కోరంగి నావికులు ఆ దారి ఎరుగుదురు. 1839 తుపానులో కోరంగి రేవు దెబ్బతిన్నది గాని, బర్మావారు తెలుగువాణ్ణి 'కోరంగీ' అనడం మానలేదు.

అక్కడి పలకరింపు మనకు కొత్త కాదు. 'థమిన్ సా పీబీలా' అంటారు, అన్నం తిన్నావా అని. వారూ కుడిచేత్తో కలుపుకుని తినేవారే. మొదటి ముద్ద పెద్దలకు వడ్డించాకే తక్కినవారికి. దుక్కిటెద్దు మీది కృతజ్ఞతతో గొడ్డుమాంసం ముట్టని ఇళ్ళు కూడా ఎన్నో. ఇక 'ఙపి' అనే చేపల ముద్ద వాసన సంగతి! ఎండుచేపలు ఎరిగిన మన తీరంవారికి అదేమంత గండమని నేననుకోను.

అసలు పరీక్ష లఫెట్ దగ్గర. ఆవిరిపెట్టి, నెలల తరబడి పులియబెట్టిన లేత తేయాకు అది. మన పోపుల పెట్టెలా గదులున్న లక్క పెట్టెలో నువ్వులు, వేయించిన వెల్లుల్లి, చిక్కుడు గింజలు, ఎండురొయ్యలతో అతిథి ముందు పెడతారు. శుభకార్యానికి పిలుపూ దానితోనే. పూర్వం వ్యాజ్యంలో తీర్పయ్యాక ఇరుపక్షాలూ లఫెట్ తింటే, తీర్పు ఒప్పుకున్నట్టే లెక్క. అలాంటి పళ్ళెం 'వద్దండీ' అని తోసేస్తే ఎలా ఉంటుందో మీరే ఊహించండి.

అయితే రేవు కూలీలలో ఎందరికి ఆ పళ్ళెం అందింది? మేస్త్రీ దగ్గర అప్పు, కిక్కిరిసిన గది, తమలో తాము వండుకున్న కూడు. 1931 నాటికి రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులే. బర్మా గడప తొక్కకుండానే బతుకు వెళ్ళిపోయేది. కులం కట్టుబాటు కూడా అడ్డే. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు సమ్మె చేస్తే బర్మావారిని పనిలో పెట్టుకున్నారు. సమ్మె తీరగానే వారిని పొమ్మన్నారు. ఆ కొట్లాటలో మనవాళ్ళు ఎందరో చచ్చిపోయారు. తగువు కూలి డబ్బులది, నిజమే. కాని ఒకరింట ఒకరు తిని ఎరిగినవారైతే కత్తి అంత సులువుగా లేచేదా అని నాకు అనిపిస్తుంది.

1942లో యుద్ధానికి జడిసి కాలినడకన కొందరు, 1964 తరువాత దుకాణాలు పోగొట్టుకుని కొందరు తిరిగొచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అనే పేట అలా వెలిసిందే. మద్రాసు రేవు దగ్గర సెకండ్ లైన్ బీచ్ వీధికి వెళ్ళి చూడండి. సాయంత్రం వేళ బళ్ళ మీద 'అథో' అమ్ముతారు. నూడుల్సు, క్యాబేజీ, చింతపండు రసం, వేయించిన ఉల్లి చేత్తో కలిపి పెడతారు. పక్కన అరటిదూట వేసిన వేడి పులుసు. అథో అన్నది బర్మా మాటే. చేత్తో కలిపినది అని అర్థం.