రామచంద్రఖానీ

మా ఉంగుటూరు ఇంట్లో ఒక పాత తివాచీ ఉండేది. పెళ్ళిచూపులకో, వ్రతానికో, పెద్దలెవరైనా వచ్చినప్పుడో మాత్రమే నాయనమ్మ దాన్ని భోషాణంలోంచి తీయించేది. ఆమె దాన్ని ఎప్పుడూ "రత్నకంబళి" అనే పిలిచింది. ఎర్రటి నేల మీద నీలిపూలు, చుట్టూ మూడు వరసల అంచు. అది పర్షియా దేశం నుంచి వచ్చిందని నేను చాలా ఏళ్ళు నమ్మాను. తీరా తెలిసిందేమంటే, అది మా పక్కనున్న ఏలూరులో నేసినది. అయితే నా నమ్మకం పూర్తిగా తప్పు కూడా కాదు. ఈ టపా ఆ మిగిలిన సగం నిజం గురించి.

ఏలూరు 16వ శతాబ్దంలో గోల్కొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలోకి వచ్చింది. తరువాత ఉత్తర సర్కారులు ఐదింటిలో ఒకదానికి ఈ ఊరే కేంద్రం. ఆ సర్కారులు 1765 నాటి మొఘలు ఫర్మానాతోను, 1766లో నిజాముతో కుదిరిన ఒడంబడికతోను ఇంగ్లీషు కంపెనీ చేతికి పోయాయి. కుతుబ్‌షాహీలు షియాలు. ఇరాన్ సఫవీ రాజులతో వారికి మతబంధమూ, రాయబారాల రాకపోకలూ ఉండేవి. ఆ రాకపోకలకు సముద్రద్వారం మచిలీపట్నం. వర్తకులు, పండితులు, చేతిపనివారు ఆ దారినే వచ్చారు. ముసల్మాను ప్రభువుల కాలంలో అలా వచ్చి స్థిరపడిన పారసీక నేతగాళ్ళే ఏలూరులో తివాచీ పని మొదలుపెట్టారని పరంపరగా చెబుతారు.

ఉన్ని నేత మనకు కొత్త కాదు. గొర్రెల మందలున్న ప్రతి ఊరికీ కంబళి తెలుసు. కొత్తగా వచ్చింది ముడి. కంబళిలో పడుగూ పేకా ఒకదానినొకటి దాటుకుంటూ పోతాయి, అంతే. తివాచీలో అలా కాదు. నిలువు మగ్గం మీద నూలు పడుగు బిగించి, ఆ పోగులకు ఒక్కొక్క రంగు ఉన్నిముక్కను చేత్తో ముడివేసి, కొసను కోస్తారు. ఒక వరస ముళ్ళు పూర్తయ్యాక పేక దూర్చి, పంజాతో దట్టిస్తారు. మళ్ళీ మరో వరస. చదరపు అంగుళానికి నూరు ముళ్ళు అనుకుందాం. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న తివాచీకి 3,45,600 ముళ్ళు పడతాయి. రోజుకు ఆరువేల ముళ్ళు వేసే చేతికైనా అది దాదాపు రెండు నెలల పని.

ముడి పారసీకమే, కాని నమూనాల పేర్లు చూడండి: హైదర్‌ఖానీ, మహబూబ్‌ఖానీ, దిల్‌చమన్, రామచంద్రఖానీ, గోపాల్‌రావు. ఈ జాబితా మొదటిసారి చదివినప్పుడు "రామచంద్రఖానీ" దగ్గర నేను ఆగిపోయాను. ఏ శాసనమూ చెప్పని సంగతి ఆ ఒక్క మాటలో ఉంది. ఇరాన్ పూలతీగ ఇక్కడి వాడుకలో పడి, రామచంద్రుడి పేరుకు ఖానీని తోకగా తగిలించుకుంది. అలా పిలవమని ఏ ప్రభువు ఆజ్ఞాపించి ఉంటాడు? నేసేవారికీ కొనేవారికీ నడుమ నోటిమాటగా నిలిచిన పేరది.

ఇలాంటిది లోకంలో మన ఒక్కరికే జరగలేదు. వెనిజులాలో ఒరినోకో మైదానాలున్నాయి. వానాకాలంలో మన కొల్లేటి పల్లాల్లాగే నీట మునుగుతాయి. అక్కడి పశువుల కాపరుల ఆటపాట పేరు జొరోపో. దానికి వాయించే హార్పు స్పెయిన్ వారితో వచ్చింది. నాలుగు తీగల క్వాత్రో కూడా స్పానిష్ గిటారు వంశానిదే. గింజలు గలగలలాడే మరాకాస్ మాత్రం అక్కడి ఆదిమజాతులది. అయినా ఆ హార్పు పరాయిదని ఆ మైదానాల్లో ఎవరూ అనరు. వచ్చిన వస్తువు ఎవరి చేతిలో తరతరాలుగా అరిగిందో, వారిదే అవుతుంది. ఆ లెక్కన ఏలూరు తివాచీ మనది.

మరి దాన్ని దెబ్బతీసింది ఎవరు? జార్జి బర్డ్‌వుడ్ 1880లో తన "ఇండస్ట్రియల్ ఆర్ట్స్ ఆఫ్ ఇండియా"లో మచిలీపట్నం తివాచీల గురించి రాశాడు. ఒకప్పుడు దేశంలోకెల్లా మేలైనవాటిలో లెక్కకు వచ్చిన పని, నాణ్యత ఎలా పోయినా ధర తగ్గితే చాలునన్న ఇంగ్లీషు వర్తకుల గిరాకీ వల్ల చెడిపోయిందన్నది ఆయన ఫిర్యాదు. జైళ్ళలో ఖైదీల చేత నేయించిన చౌక తివాచీలు స్వతంత్ర నేతగాళ్ళ పొట్ట కొడుతున్నాయనీ ఆయన వాదించాడు. 1856లో ఇంగ్లండులో పుట్టిన కృత్రిమ రంగులు క్రమంగా మన మగ్గాల దాకా వచ్చాయి. చెట్టూ చేమా ఇచ్చిన పాత రంగులు వెనక్కి తగ్గాయి. 1908లో హెన్రీ హారిస్ దక్షిణ భారత తివాచీ పరిశ్రమ మీద పుస్తకమే రాయవలసి వచ్చింది.

ఈ పని మన దగ్గర నిలవడానికి దాని పరాయి పుట్టుక అడ్డురాలేదు. అడ్డువచ్చింది ధర.

ఏలూరులో ఈ నేతకు పేరుపడ్డ చోటు తంగెళ్ళమూడి. కొన్నేళ్ళ క్రితం అక్కడికి వెళ్ళినప్పుడు, ఒక ముసలి సాయిబుగారు నా చేతిలో చిన్న తివాచీముక్క పెట్టి, "తిప్పి చూడండి బాబూ, పైన ఎవరైనా మాయ చెయ్యొచ్చు" అన్నారు. వెనకవైపు ఒక్కొక్క ముడీ లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉంది. పిల్లలెవరైనా ఈ పనిలో ఉన్నారా అని అడిగాను. ఆయన జవాబు చెప్పకుండా టీ తెప్పించారు.

ఇంటికి వచ్చాక ఒక సంగతి గుర్తొచ్చి సిగ్గేసింది. నాయనమ్మ రత్నకంబళి చిరిగిపోయాక మా ముందుగదిలోకి ఒక మరనేత తివాచీ తెచ్చింది నేనే. చౌకగా వచ్చిందని నలుగురికీ చెప్పుకున్నాను కూడా. దాన్ని తిప్పి చూశాను. వెనక అంతా జిగురు పూసిన గుడ్డ. బర్డ్‌వుడ్ నిందించిన ఆ కొనుగోలుదారుకూ నాకూ తేడా ఏమిటో ఎంత ఆలోచించినా తేలలేదు.

2022 ఏప్రిల్ 4 నుంచి మా ఉంగుటూరు ఏలూరు జిల్లాలో ఉంది. జిల్లా పేరు మారిందని ఊళ్ళో చాలా మాట్లాడుకున్నాం. ఆ ఏలూరుకు దేశాంతరాల్లో పేరు తెచ్చిన మగ్గం గురించి మాత్రం అప్పుడు ఎవరమూ అనుకోలేదు, నాతో సహా.

మీ ఇళ్ళలో పాత తివాచీ ఉంటే ఒకసారి తిప్పి చూడండి. ముళ్ళు కనిపిస్తే, దాన్ని మీ వాళ్ళు ఏ పేరుతో పిలిచేవారో పెద్దల్నడిగి రాసి పెట్టండి. రామచంద్రఖానీ లాంటి పేర్లు ఇంకెన్ని ఉన్నాయో చూడాలని ఉంది.