సుస్తీ అనే మాటకు మూడు అర్థాలు: కామాటిపురాలో మా ఇంటి ఆడవాళ్ల పేరులేని జబ్బులు

తెలుగులో "సుస్తీ చేసింది" అంటే ఒంట్లో బాగాలేదని. మేము చదువుకున్నది కన్నడ మీడియంలో. అక్కడ "సుస్తు" అంటే అలసట. ముంబైలో హిందీవాళ్లకూ మరాఠీవాళ్లకూ "సుస్తీ" అంటే మందకొడితనం, తిన్నగా చెప్పాలంటే బద్ధకం. మూడూ ఒక్క ఫారసీ మాట నుంచి పుట్టినవే. తెలంగాణ నుంచి వచ్చిన ఒకామె ముంబైలో డాక్టరు ముందు కూర్చుని "సుస్తీ" అన్నదనుకోండి, ఆమె చెప్పేది జబ్బు గురించి, ఆయనకు వినిపించేది బద్ధకం. ఇది మాకు ఉత్త భాషా సరదా కాదు. మా బాపమ్మ పదేళ్లు ఈ రెండు అర్థాల మధ్యనే బతికింది.

ఇప్పుడు ఎందుకు రాస్తున్నామంటే, మా అక్కకు ఎనిమిది నెలలుగా ఒంట్లో బాగుండటం లేదు. అది థైరాయిడో కాదో ఇంకా తేలలేదు. రెండోసారి రక్తం ఇవ్వడానికి ఇంకా నాలుగు వారాలుంది. ఊరికే కూర్చుంటే దిగులు పెరుగుతుంది కాబట్టి, ఆ వారాల్లో ఇంటి పాత సంగతులు పోగుచేయడం మొదలుపెట్టాం.

కామాటిపురా పేరు మన కామాటీలదే. 18వ శతాబ్దం చివర హార్న్‌బీ వెల్లార్డ్ అనే కట్ట వేసి సముద్రపు పోటును ఆపాక లోపలి పల్లపు నేలలు ఇళ్లకు పనికొచ్చాయి. నైజాం రాజ్యం నుంచి వచ్చిన తెలుగు కూలీలు, మేస్త్రీలు అక్కడ దిగారు. బొంబాయి కట్టడాల్లో రాళ్లు మోసిన చేతులు చాలావరకు వాళ్లవే. తర్వాత బట్టల మిల్లులు వచ్చాయి, వాటి వెంట కరీంనగర్, నల్లగొండ, వరంగల్ పద్మశాలీలు వచ్చారు. కామాటిపురా నిండిపోతే వర్లీ బీడీడీ చాళ్లకు పాకారు. 1920లలో సర్కారు కట్టిన ఆ చాళ్లలో ఒక్కో ఖోలీ 160 చదరపు అడుగులు. కామాటిపురా అనగానే బయటివాళ్లకు గుర్తొచ్చే కథ వేరే ఉంది. దాన్ని రాసినవాళ్లు, సినిమా తీసినవాళ్లు చాలామంది ఉన్నారు, ఇక్కడ మళ్లీ అవసరం లేదు.

చాల్‌లో జబ్బు పడటం ఎలాంటిదో ఇల్లు వేరుగా ఉన్నవాళ్లకు చెప్పడం కష్టం. గ్యాలరీ అందరిది, నల్లా అందరిది, సండాసు అందరిది. పగటిపూట ఆడమనిషి పడుకుంటే అరగంటలో అంతస్తు మొత్తానికి తెలుస్తుంది. జ్వరం అయితే సరే, నుదురు ముట్టి చూసి ఒప్పుకుంటారు. దెబ్బ తగిలితే కట్టు కనిపిస్తుంది. ఏమీ కనిపించని అలసటకు సాక్ష్యం ఎక్కడినుంచి తేవాలి?

మా బాపమ్మ 1940లలో పెళ్లయి కామాటిపురాకు వచ్చింది. తాత మిల్లుకు పోయేవాడు, ఆమె ఇంట్లో బీడీలు చుట్టేది. రోజుకు వెయ్యి చుట్టే మనిషి 1961 ప్రాంతంలో నాలుగొందలకు వచ్చింది. తునికాకు కత్తిరిస్తూనే చాట మీద కునికేది. జుట్టు రాలింది, మొహం ఉబ్బింది, గొంతు మగవాళ్ల గొంతులా బొంగురుపోయింది. "మే నెలలో గొంగడి కప్పుకునే మనిషి బంబైల ఈమె ఒక్కతే" అని తాత నవ్వుతూ అనేటోడట. నవ్వుతూనే అన్నాడు, నిజమే. కానీ ఆ మాటే గ్యాలరీ అంతా పాకి, చివరికి ఆమెకు "సుస్త్" అన్న పేరు పడింది. మరాఠీ పొరుగింటామె పెట్టింది. తెలుగు పొరుగింటామె "పాపం, సుస్తీ మనిషి" అని సానుభూతిగా అందుకుంది. ఒకటే మాట, ఒకామెది ఎత్తిపొడుపు, ఇంకొకామెది జాలి.

చూపించలేదని కాదు. ఒక డాక్టరు రక్తం తక్కువ అన్నాడు, టానిక్ ఇచ్చాడు. ఇంకొకాయన ముట్లు ఆగే వయసు అన్నాడు. గాలి సోకిందని తాయెత్తు కట్టారు. ఎల్లమ్మకు బోనం ఎత్తారు. దీన్ని మూఢనమ్మకం అని ఒక్క మాటతో కొట్టేయడం మాకు ఇష్టం లేదు. సికింద్రాబాదు ఉజ్జయిని మహంకాళి బోనాలకు మూలం 1813 నాటి కలరా భయమే అని చెప్పుకుంటారు కదా. కారణం తెలియని జబ్బుతో మన వాళ్లు మాట్లాడిన పద్ధతి అది. కనీసం బోనం ఎత్తిన రోజున బాపమ్మ మాట ఎవరూ అబద్ధం అనలేదు.

ఆసుపత్రి అంటే భయం మాత్రం ఇంట్లో బలంగా ఉండేది. దానికి వెనక చరిత్ర ఉంది. 1896 సెప్టెంబరులో మాండవీలో జనం వింత జ్వరంతో, గజ్జల్లో గడ్డలతో చనిపోతుంటే డాక్టర్ అకాసియో వియెగాస్ అది ప్లేగు అని గుర్తించాడు. పేరు త్వరగానే దొరికింది. పేరు దొరికాక వచ్చినవి ఇళ్ల సోదాలు, రోగులను ఎత్తుకుపోవడం, సామాను కాల్చడం. అక్టోబరు చివర మిల్లు కూలీలు వందల మంది ఆర్థర్ రోడ్ ఆసుపత్రి మీద పడ్డారు. 1898 మార్చిలో కామాటిపురాను ఆనుకున్న మదన్‌పురాలో జబ్బుపడ్డ ఆడపిల్లను పరీక్షించడానికి వచ్చిన సోదా బృందాన్ని చేనేత ముస్లింలు అడ్డుకుంటే అది పెద్ద అల్లరయింది. జబ్బు పేరు బయటపడితే మనిషి పోతుంది అన్న లెక్క ఆ వీధుల్లో రెండు మూడు తరాలు నిలిచింది. బాపమ్మ అత్త ఆ కాలం మనిషి. "పెద్ద దవాఖానకు పోయినోళ్లు తిరిగిరారు" అన్నది ఆమె మాటే.

అదే బొంబాయిలో, పేరు తెలియకుండానే ఒక జబ్బును తగ్గించిన కథ కూడా ఉంది. లూసీ విల్స్ అనే లండన్ డాక్టరమ్మ 1928లో ఇక్కడికి వచ్చారు. పేద గర్భిణులు, ముఖ్యంగా మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్లు, రక్తం పలచబడి, పాలిపోయి, అడుగు తీసి అడుగు వేయలేక కాన్పు నాటికి ప్రాణం మీదికి తెచ్చుకునేవాళ్లు. అది మామూలు రక్తహీనత కాదు. రక్తకణాలు మామూలు కంటే పెద్దవిగా ఉండేవి. పరేల్‌లోని హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్‌లో విల్స్ మొదట సూక్ష్మక్రిములేమో అని చూశారు, అవి కావని తేలింది. అప్పుడు తిండి వైపు తిరిగారు. ఆ ఆడవాళ్లు తినే లాంటి తిండే ఎలుకలకూ కోతులకూ పెట్టి చూశారు. చివరికి పని చేసింది మార్మైట్. ఈస్టు నుంచి తీసే నల్లటి, ఉప్పటి ముద్ద అది, ఇంగ్లాండులో రొట్టెకు పూసుకుంటారు. 1931లో దాన్ని గురించి ప్రచురించారు. అందులో ఏ పదార్థం పని చేస్తోందో ఆమెకు తెలియదు. "విల్స్ ఫ్యాక్టర్" అని చాలాకాలం పిలిచారు. అంటే పేరు లేదన్నమాటే.

1941లో అమెరికాలో పాలకూర ఆకుల నుంచి ఒక పదార్థాన్ని వేరుచేసి ఫోలిక్ ఆసిడ్ అన్నారు. లాటిన్‌లో ఫోలియం అంటే ఆకు. 1945లో దాన్ని కృత్రిమంగా తయారుచేసింది లెడర్లీ ల్యాబులో మన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం. భీమవరంలో పుట్టి, సొంత సోదరుణ్ణి స్ప్రూ జబ్బుకు పోగొట్టుకున్న మనిషి ఆయన. స్ప్రూలో కూడా ఫోలిక్ ఆసిడ్ పని చేస్తుందని తర్వాత తేలింది. బొంబాయి మిల్లు ఆడవాళ్ల నెత్తురులో లోపించిన దాన్ని ఒక తెలుగాయన అమెరికాలో తయారుచేశాడన్న సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిసి ఉంటే తాత గ్యాలరీ అంతా చాటేవాడు.

మాకు ఈ కథలో నచ్చింది ఆ పద్నాలుగేళ్లు. 1931కీ 1945కీ మధ్య ఆ ఆడవాళ్లను "ముందు కారణం తేలనీ" అని కూర్చోబెట్టలేదు. బాధ నిజమని ఒప్పుకుని మొదలుపెట్టారు.

ఇక థైరాయిడ్. ఇక్కడా ఒక తెలుగాయన ఉన్నారు. శ్రీకాకుళంలో 1921లో పుట్టి, విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివిన వులిమిరి రామలింగస్వామి గారు. 1956లో హిమాచల్ కాంగ్రా లోయలో గొంతు వాపు మీద ఆయన బృందం పని మొదలుపెట్టింది. లోయను మూడు భాగాలు చేసి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు పంపారు. కొన్నేళ్లకు అయోడిన్ ఉప్పు తిన్నచోట గొంతు వాపులు బాగా తగ్గాయి. 1962లో మొదలైన జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమానికి ఈ పని దన్నుగా నిలిచింది. ఈరోజు మీ వంటింట్లో ఉప్పు ప్యాకెట్ మీద "అయొడైజ్డ్" అని చూస్తున్నారంటే అందులో ఆయన పాలు ఉంది.

కానీ అయోడిన్ లోపం ఒక్కటే కారణం కాదు. ఒంట్లో రక్షణ వ్యవస్థే థైరాయిడ్ గ్రంథి మీద తిరగబడే జబ్బు ఒకటుంది, 1912లో దాన్ని వర్ణించిన జపాన్ డాక్టర్ హషిమోటో పేరే దానికి పెట్టారు. ఉప్పు సరిగా తిన్నా అది రావచ్చు. గ్రంథి మందగిస్తే మెదడు కింద ఉండే పిట్యూటరీ "పని చెయ్, పని చెయ్" అని టీఎస్‌హెచ్ ఎక్కువ పంపుతుంది. అందుకే గ్రంథి తగ్గితే ఆ అంకె పెరుగుతుంది. రక్తంలో అంత సూక్ష్మమైన మోతాదును కొలిచే ఉపాయం, రేడియో ఇమ్యునో అస్సే, 1959 ప్రాంతంలో న్యూయార్క్‌లో బెర్సన్, యాలో కనిపెట్టారు. 1977లో యాలోకు నోబెల్ వచ్చింది, బెర్సన్ అప్పటికే పోయారు. మనిషి రక్తంలో టీఎస్‌హెచ్‌ను అలా కొలవడం 1960ల నడుమ మొదలైంది.

ముంబైలో ట్రాంబే అణు కేంద్రం వాళ్ల రేడియేషన్ మెడిసిన్ సెంటర్ 1963లో పరేల్‌లో, టాటా మెమోరియల్ ఆవరణలో మొదలైంది. థైరాయిడ్ రోగులకు అది పెద్ద దిక్కయింది. రేడియో అయోడిన్ మింగించి, గొంతు దగ్గర ఎంత చేరిందో మర్నాడు మళ్లీ వచ్చి కొలిపించుకోవాలి. అప్పట్లో తెలుసుకోవడం అంటే అది. కామాటిపురా నుంచి పరేల్ బస్సులో ఎంతసేపు? బాపమ్మ 1971లో పోయింది. చివరి ఎనిమిదేళ్లు ఆ గడప నాలుగైదు కిలోమీటర్ల దూరంలోనే ఉంది.

ఆమెకు థైరాయిడే అని మేము రాయడం లేదు. చలి, ఉబ్బు, బొంగురు గొంతు, నిద్రమత్తు అన్నీ అటే చూపిస్తాయి, నిజమే. కానీ యాభై ఏళ్ల కింద పోయిన మనిషికి ఫోన్ మీద విన్న మాటలతో రోగనిర్ధారణ చేయకూడదు. మా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అక్కడ "రిప్రొడ్యూస్ కావడం లేదు" అని రాసి బగ్ మూసేయడం రోజూ చూస్తాం. మూసేసినా బగ్ పోదు, వాడేవాడి దగ్గర ఉంటుంది. బాపమ్మ ఫైలును అలా మూసేయలేం, కారణం తేల్చేశామని చెప్పి కూడా మూసేయలేం.

అక్క సంగతి. ఆమెను ఎవరూ బద్ధకం అనలేదు, ఆఫీసులో "స్ట్రెస్" అన్నారు. మాట మారింది, అంతే. మొదటి రిపోర్టులో టీఎస్‌హెచ్ 7 దాటింది, టీ4 మామూలుగానే ఉంది. ల్యాబులు సాధారణంగా 4, 5 దగ్గర గీత గీస్తాయి. 10 దాటితే చాలామంది డాక్టర్లు మాత్ర మొదలుపెడతారు. మధ్యలో ఉంటే ఆగి మళ్లీ చూస్తారు, ఎందుకంటే వేరే జబ్బు నుంచి కోలుకుంటున్నా ఈ అంకె కొన్నాళ్లు పైకి పోయి దానంతటదే దిగుతుంది. ఆరు వారాల గడువు, యాంటీబాడీ పరీక్ష అందుకే. జుట్టు రాలుతోందని ఆమె వేసుకుంటున్న బయోటిన్ మాత్రలు పరీక్షను తప్పుదారి పట్టించగలవని డాక్టరమ్మ వాటిని రక్తం ఇచ్చేముందు ఆపమన్నారు. ఇది చాలామందికి తెలియదు, మీరూ గుర్తుపెట్టుకోండి.

ఈ ఆరు వారాలకు అక్క ఒక నోటుబుక్ పెట్టింది. నిద్ర, బరువు, చలి, ఆ రోజు చేయలేకపోయిన పని. డాక్టరు ముందు కూర్చుంటే సగం మర్చిపోతాం కదా. బావ బట్టలు ఉతకడం తన మీద వేసుకున్నాడు. అమ్మ మాత్రం ఎల్లమ్మకు మొక్కింది. రెండూ నడుస్తున్నాయి, ఎవరూ ఎవరినీ వద్దనడం లేదు.

ఆ నోటుబుక్ చివరి పేజీల్లో ఇంటి ఆడవాళ్ల జబ్బులు రాస్తున్నాం. థైరాయిడ్ జబ్బులు కుటుంబాల్లో నడుస్తాయి కాబట్టి డాక్టరమ్మ కూడా అడిగారు. వర్లీలో ఉండే మేనత్తకు ఫోన్ చేస్తే చాలాసేపు "ఏమో బిడ్డా, సుస్తీగ ఉండేది, అంతే" అన్నది. ఫోన్ పెట్టేముందు ఒక సంగతి చెప్పింది. బాపమ్మ నల్లపూసల దండ గొంతుకు బిగుస్తోందని రెండుసార్లు కంసాలి దగ్గర పొడిగించి కట్టించుకుందట. రెండోసారి కంసాలే అడిగాడట, గొంతు లావైందేమమ్మా అని. కామాటిపురా, వర్లీ, భివండీ ఇళ్లలో పెద్దవాళ్లు ఇంకా ఉన్నవాళ్లు దయచేసి అడగండి, మీ ఇంట్లో దండ పొడిగించి కట్టించుకున్న వాళ్లెవరైనా ఉన్నారా అని.