సొంత వాక్యం ఎవరిది?
పడమటి ప్రకాశంలో ఇంగ్లీషు మాటల చదువు

పదో తరగతి ఇంగ్లీషు పరీక్షలో వొక ప్రశ్న వొచ్చేది. నాలుగైదు మాటలిచ్చి వాటిని మీ సొంత వాక్యాల్లో వాడమనేవాళ్ళు. మేం చదువుకున్న సర్కారు బళ్ళలో ఆ సొంత వాక్యం గైడులోంచి వొచ్చేది. గైడు కొనలేనోళ్ళ కోసం సారు బోర్డు మీద రాసేవాడు. నలభై మందిమి నలభై కాగితాల మీద వొకటే సొంత వాక్యం రాసి మార్కులు తెచ్చుకున్నాం. రిపేర్ అనే మాటకి 'మా నాన్న రేడియో బాగుచేశాడు' అని రాశాం. మాలో సగం మంది ఇళ్ళలో రేడియో లేదు. మా నాయనలు బాగుచేసింది చెప్పులు, మా తాతలు బాగుచేసింది కపిల బావుల తోలుబానలు. అది రాస్తే తప్పని ఎవరూ అన్లేదు. రాయొచ్చని మాకే తోచలేదు.

మాటకి అర్థం, ఆ అర్థం పక్కన ఉదాహరణ వాక్యం - ఇంగ్లీషు మాటలు నేర్చుకునే పద్ధతి లోకమంతా ఇదే. మార్కాపురం, కంభం, గిద్దలూరు పల్లెలకి ఇందులో మొదటిది ఎంతో కొంత చేరింది. రెండోది మాత్రం చేరలేదు. ఎందుకు చేరలేదన్నదే ఇక్కడ మేం వెతుకుతున్నది.

ముందు పలక సంగతి. ఈ ప్రాంతం నేల కింద వున్నది పలకరాయి. భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ రాతి పొరలకి కంభం పేరే పెట్టారు. గనిలోంచి రాయి తీసి, పొరలుగా చీల్చి, కోసి, నున్నగా అరగదీసి, చుట్టూ చెక్క చట్రం బిగిస్తే బడిపలక అయింది. మార్కాపురం పలక దేశమంతా పోయింది, ఓడలెక్కి బయటి దేశాలకీ పోయింది. ఎక్కడెక్కడి పిల్లలో దాని మీద ఎ, బి, సి, డిలు దిద్దుకున్నారు. రాయి కోసేటప్పుడు లేచే దుమ్ములో సిలికా వుంటుంది, అది వూపిరితిత్తుల్లో చేరి మనిషిని తినేస్తుంది. ఆ దుమ్ములో కూలి చేసినవాళ్ళలో అక్షరం రానివాళ్ళు ఎంతమందో! నోటుపుస్తకాలూ ప్లాస్టిక్ పలకలూ వొచ్చాక బడిపలక గిరాకీ పడిపోయింది. రాయి ఇప్పుడు ఇళ్ళ గోడలకీ గచ్చులకీ పోతావుంది.

మా వాళ్ళకి అక్షరం మిషన్ల ద్వారా వొచ్చిందనేది తెలిసిన కథే. అయితే అందులో ఇంగ్లీషు వాటా ఎంత అని అడిగినవాళ్ళు తక్కువ. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో వుండేవి. అయినా చదువుదారి ఒంగోలు నుంచే వొచ్చింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో అక్కడ స్థిరపడ్డాడు. అదే ఏడు ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ళ వ్యాపారి బాప్తిస్మం తీసుకున్నాడు. మాదిగలు రావడం మొదలవగానే పై కులాలవాళ్ళు తమ పిల్లల్ని మిషన్ బడి నుంచి తీసేసుకున్నారు. క్లౌ వాళ్ళ షరతుకి లొంగలేదు. 1876-78 కరువు తర్వాత, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో వొక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ గుండ్లకమ్మ మా నల్లమల నుంచి కంభం మీదుగా పారే ఏరే. 1882లో కంభంలో, 1895లో మార్కాపురంలో బాప్టిస్టు మిషన్ కేంద్రాలు వొచ్చాయి. గిద్దలూరు వైపు ఆంగ్లికన్ల ఎస్.పి.జి. మిషన్ పనిచేసింది. మద్రాసు ప్రభుత్వం పంచముల చదువు కోసం ప్రత్యేకంగా ఉత్తర్వు ఇచ్చింది 1893లో. అప్పటికే పల్లెబళ్ళు నడుస్తున్నాయి.

ఆ పల్లెబడిలో నేర్పింది తెలుగు. బైబిలు చదవను, పాట పాడను, నాలుగు లెక్కలు చెయ్యను. ఇంగ్లీషు కావాలంటే కేంద్రంలో వుండే బోర్డింగు బడికి పోవాలి, అక్కడ పై తరగతుల దాకా నిలబడాలి. ఇంగ్లీషు నేర్చినోడు పల్లెలో పంతులుగా వుండడు, ఉద్యోగానికి పోతాడు అనే అనుమానం ఆ కాలపు మిషన్ల చర్చల్లో పదే పదే కనిపిస్తుంది. మిషన్ల మేలు మేం మరిచిపోలేదు. కానీ తెలుగు పల్లెకి, ఇంగ్లీషు కచేరీకి అన్న విభజనని వాళ్ళూ పూర్తిగా చెరపలేదు. 1854 ఉడ్ డెస్పాచ్ తర్వాత ఇంగ్లీషుతో గుమాస్తా, ప్లీడరు, తాసిల్దారు అయినోళ్ళ కులాలేమిటో మేం చెప్పనక్కర్లేదు.

ఇక నిఘంటువులు. బ్రౌన్ దొర నిఘంటువులు 1852 నాటివి. అవి మొదట దొరలకి తెలుగు రావడానికి పనికొచ్చాయి, మనకి ఇంగ్లీషు రావడానికి కాదు. పండితుల సాయంతో తయారైన ఆ పుస్తకంలో మాల, మాదిగ అనే మాటలున్నాయి. వాటికి అర్థాలూ వున్నాయి. అక్కడ మేం అర్థం చెప్పించుకునే మాటలమే గానీ, పుస్తకం తెరిచే మనుషులం కాదు. తర్వాత శంకరనారాయణ ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు తెలుగువాళ్ళ కోసమే వొచ్చింది. తరతరాల విద్యార్థులు దాంతో చదువుకున్నారు. అది ఇంట్లో వున్నోళ్ళు ఎవరన్నది మళ్ళీ కులం లెక్కే.

నేర్చుకునేవాళ్ళ కోసం నిఘంటువు అనే ఆలోచన పుట్టింది కూడా ఇంగ్లండులో కాదు, మనలాంటి దేశాల తరగతి గదుల్లోనే. ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాల నడిపిన మైకేల్ వెస్ట్ బెంగాలీ పిల్లలు ఇంగ్లీషు చదవలేక పడే అవస్థ చూసి 1926లో పుస్తకం రాశాడు. 1935లో ఎండికాట్‌తో కలిసి 1,490 మాటల్లోనే దాదాపు 24,000 పదాలూ పదబంధాల అర్థాలు చెప్పే నిఘంటువు తెచ్చాడు. కష్టమైన మాటని అంతకంటే కష్టమైన మాటలతో వివరించొద్దు అన్నదే దాని సూత్రం. జపానులో పనిచేసిన హార్న్‌బీ బృందం 1942లో వాక్య నిర్మాణాలు చూపించే నిఘంటువు వేసింది. దాన్నే 1948లో ఆక్స్‌ఫర్డ్ అచ్చేసింది. 1958లో హైదరాబాదులో కేంద్ర ఇంగ్లీషు సంస్థ మొదలైంది. ఇన్ని జరిగాక కూడా మా బడికి చేరింది గైడే.

బట్టీ పట్టడాన్ని వెక్కిరించేవాళ్ళతో మేం కలవం. పుస్తకం లేని ఇంట్లో, కిరసనాయిలు బుడ్డి కింద, రోజుకి పది మాటలు నోటికి పట్టుకున్న పిల్లోడికి అదొక్కటే ఆస్తి. నోటికొచ్చిన అర్థాలతోనే మా ముందుతరం ఉద్యోగ పరీక్షలు గట్టెక్కింది. ఆ మాటని వాడే చోటు అతనికి ఎవరూ చూపలేదు, మా ఫిర్యాదు అంతవరకే.

నిఘంటువులోకి దిగినప్పుడు మరో దెబ్బ తగులుతుంది. పరయా అనే మాట ఇంగ్లీషు నిఘంటువులో చూడండి. అందరూ వెలివేసిన మనిషి అని అర్థం. ఏదో దేశాన్ని మిగతా దేశాలు దూరం పెట్టాయనే తరహా ఉదాహరణ వుంటుంది. అది తమిళ దళితుల కులం పేరు. దాని వెనక వున్నది పరై అనే డప్పు. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషులోకి పోయిన ఆ పేరు పంతొమ్మిదో శతాబ్దానికి తిట్టయింది. మద్రాసు దొరలు తెలుగు మాలల్ని కూడా ఆ పేరుతోనే రాశారు. మా పిల్ల అర్థం నేర్చుకుంటుంది, పరీక్షలో రాస్తుంది. ఆ మాట ఎవరిదో ఏ పేజీ చెప్పదు. డప్పు కొట్టేవాళ్ళ పేరు ఇంగ్లీషులో అట్లా తిట్టయితే, 1994 జూలైలో ఇదే ప్రకాశం జిల్లా ఈదుముడిలో డప్పు చాటింపు దండోర అనే పేరుతో ఉద్యమమయింది. ఈ రెండో అర్థం ఇంగ్లీషు నిఘంటువుల్లోకి ఇంకా ఎక్కాలి.

తెలుగు మాట దగ్గరా ఇదే చిక్కు. మా వైపు మాట్లో 'పల్లె' అంటే ఊరు కాదు. ఊరికి అవతల మాలలో మాదిగలో వుండే చోటు. నిఘంటువు పల్లెకి విలేజ్ అంటుంది. 'నేను విలేజ్‌లో వుంటాను' అని రాసిన మా పిల్లోడు ఊళ్ళో వుండడు. వాక్యంలో వ్యాకరణం తప్పు లేదు, కానీ నిజం లేదు.

2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బళ్ళలో ఇంగ్లీషు మీడియం ఉత్తర్వు ఇచ్చినప్పుడు తెలుగు చచ్చిపోతుందని గగ్గోలు పెట్టినవాళ్ళలో చాలామంది తమ పిల్లల్ని ఎక్కడ చదివించారో లోకానికి తెలుసు. 2020 ఏప్రిల్లో హైకోర్టు ఆ ఉత్తర్వుని కొట్టేసింది. తర్వాత వొక పేజీ తెలుగు, వొక పేజీ ఇంగ్లీషుగా పాఠ్యపుస్తకాలు వొచ్చాయి. 2021లో బడి సంచితో పాటు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కూడా ఇచ్చారు. పల్లెలో ఇంటింటికీ నిఘంటువు చేరడం చిన్న సంగతి కాదు. మేం దాన్ని స్వాగతించాం, ఇప్పటికీ స్వాగతిస్తాం. అయితే ఆ సంచిలో గైడు మళ్ళీ చేరకుండా చూడాల్సింది సార్లూ అమ్మలూ, చదువుకున్న మనమూ.

నిజానికి మా పల్లెల్లో ఇంగ్లీషు మాటలకి కరువు లేదు. బడికి పోనోళ్ళ నోట్లోనే వందలున్నాయి. క్వారీ, లీజు, కటింగు, రిమాండు, సబ్సిడీ. నీళ్ళు తాగి ఎముకలు వంకరపోయినోళ్ళకి ఫ్లోరైడ్ అర్థం ఎవరు చెప్పాలి? వెలిగొండ పుణ్యమా అని టన్నెల్ అనే మాట దశాబ్దాలుగా ప్రతి ఇంట్లో వుంది. పిల్లలతో మాటల పుస్తకం రాయించేటప్పుడు మేం ముందు వీటితోనే మొదలుపెట్టాం. రాయల్టీ అనే మాట దగ్గర ఆగిపోయారు. నిఘంటువులో మొదటి అర్థం రాజకుటుంబం. వొక పిల్ల ఇంటికిపోయి గనిలో పనిచేసిన తాతని అడిగింది. "నేల మాదనుకుంటామే గానీ, కింద రాయి సర్కారుది. బండి కదలాలంటే కట్టే దుడ్లు" అన్నాడంట. మరుసటి రోజు ఆ పిల్ల అర్థం పక్కన వాక్యం రాసుకొచ్చింది: ఓనరు రాయికి రాయల్టీ కట్టాడు, మా తాత దగ్గుకి ఎవరూ కట్టలేదు. ఇంగ్లీషులో క్రియ రూపం తప్పింది. అది దిద్దాం, వాక్యాన్ని అట్లాగే వుంచాం.