గర్భసంచి మూతి పరీక్ష మనదాకా వచ్చిన దారి

పొదుపులు, అప్పులు, వసూళ్ల లెక్కలన్నీ ముందు పేజీల్లో చూశారు. ఇక్కడ డబ్బు మాట కాదు, ఒక చిన్న పరీక్ష చరిత్ర రాస్తున్నాం. నెల సమావేశంలో వడ్డీ పైసాతో సహా అడిగే మనం, తెల్లబట్ట అవుతోందన్న మాట మాత్రం సమావేశం అయ్యాక, చెప్పులు వేసుకునేటప్పుడు పక్కావిడ చెవిలో చెప్తాం. అందుకే ఈ చరిత్ర మనకు కావాలనుకున్నాం.

1913లో జార్జ్ పాపనికొలావ్ అనే గ్రీకు డాక్టరు, ఆయన భార్య మేరీ ఓడెక్కి న్యూయార్క్ చేరారు. చేతిలో డబ్బు లేదు. మేరీ ఒక పెద్ద దుకాణంలో గుండీలు కుట్టే పనికి కుదిరింది, వారానికి ఐదు డాలర్లు. తర్వాత ఆయనకు కార్నెల్ వైద్య కళాశాలలో పని దొరికింది. ఆమె కూడా అదే ల్యాబులో చేరింది, జీతం లేకుండా. గర్భసంచి మూతి దగ్గరి కణాలు రోజురోజుకూ ఎలా మారతాయో తెలియాలంటే ఎవరో ఒకరు రోజూ నమూనా ఇవ్వాలి కదా. ఇచ్చింది మేరీయే, సుమారు ఇరవై ఏళ్లు. స్నేహితురాళ్లను కూడా ఒప్పించి ఇప్పించిందంటారు. ఈ పద్ధతితో క్యాన్సర్‌ను పట్టవచ్చని ఆయన 1928లో చెబితే తోటి డాక్టర్లు పెద్దగా పట్టించుకోలేదు. 1943లో హెర్బర్ట్ ట్రాట్‌తో కలిసి పుస్తకం వేశాకే నమ్మకం కుదిరింది. పరీక్షకు ఆయన పేరే నిలిచింది, పాప్ పరీక్ష అని. మేరీ పరీక్ష అని ఉంటే బాగుండేదని మాకు అనిపిస్తుంది.

ఈ జబ్బు హడావుడిగా వచ్చేది కాదు. హెచ్‌పీవీ అనే వైరస్ దీనికి మూలమని చూపినందుకు హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ వచ్చింది. కాపురం చేసే ఎవరికైనా ఆ వైరస్ సోకవచ్చు, దీన్ని ఎవరి నడవడికీ ముడిపెట్టొద్దు. చాలామందికి దానంతటదే పోతుంది. పోనివాళ్లలో కొందరికి మూతి దగ్గర కణాలు మారతాయి. అది క్యాన్సర్ కావడానికి మామూలుగా పదేళ్ల పైనే పడుతుంది. పట్టుకోవడానికి అంత వ్యవధి ఉన్నా, పాప్ పరీక్ష మన పల్లెలకు రాలేదు. దానికి రంగులు, మైక్రోస్కోపు, చూసి చెప్పే నిపుణులు కావాలి. ఫలితం కోసం మళ్లీ వెళ్లాలి. కూలి మానుకుని రెండోసారి ఎవరు వెళ్తారు?

దారి చూపింది వెనిగర్. అందులో ఉండే ఎసిటిక్ ఆమ్లాన్నే పలచగా కలిపి, దూదితో మూతికి అద్ది ఒక నిమిషం ఆగితే, మారిన చోటు తెల్లగా తేలుతుంది. తమిళనాడు దిండిగల్ జిల్లాలో 2000లో నర్సులకు నేర్పించి ఊళ్లలో చేయించారు. ఒక్కసారి పరీక్ష జరిగిన ఊళ్లలో ఏడేళ్లలో ఈ క్యాన్సర్ మరణాలు 35 శాతం తక్కువ. ముంబై బస్తీల్లో టాటా మెమోరియల్ ఆస్పత్రి వాళ్లు 1998లో మొదలుపెట్టారు. అక్కడ పరీక్ష చేసింది పదో తరగతి చదివిన మామూలు ఆడవాళ్లు, నాలుగు వారాల శిక్షణతో. మరణాలు 31 శాతం తగ్గాయి. పదో తరగతి చదివిన పిల్లలు మన సంఘాల్లో ఎంతమంది లేరు!

అయితే ముంబైలో లక్షన్నర మంది ఆడవాళ్లను రెండు భాగాలు చేసి, సగం మందికే పరీక్ష చేశారు. మిగతా సగానికి క్యాన్సర్ గురించి ఒకసారి చెప్పి, ఏళ్ల తరబడి మరణాలు లెక్కపెట్టారు. తేడా తెలియాలంటే అంతేనన్నారు పరిశోధకులు. అది న్యాయం కాదని తర్వాత గట్టి విమర్శ వచ్చింది. మేమూ విమర్శ వైపే ఉంటాం.

మన దగ్గర జరిగింది ఇంకా దగ్గరి సంగతి. 2009లో ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. చాలామంది హాస్టల్ పిల్లలు. అమ్మానాన్నలకు బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాకపోవచ్చని విచారణ కమిటీ చెప్పింది, కానీ అనుమతి తీసుకున్న తీరును తప్పుపట్టింది. 2013లో పార్లమెంటు సంఘం ఇంకా గట్టిగా తప్పుపట్టింది. తల్లిని అడగకుండా వేసిన సూది మంచిదైనా, ఆ తల్లి ఇంకోసారి చెయ్యి చాపదు.

ఇంకో లెక్క చూడండి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో తొమ్మిదిమంది, తెలంగాణలో ఎనిమిదిమంది. "ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది" అన్న మాట మనలో ఎందరు విన్నారో చెప్పనక్కర్లేదు. తర్వాతి సర్వేలో, 30 నుంచి 49 ఏళ్లవాళ్లలో ఈ మూతి పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద నూటికి ఇద్దరు కూడా లేరు. తీసేయడం సులువైపోయింది, చూపించుకోవడమే కష్టమైంది.

2016 కేంద్ర మార్గదర్శకాల ప్రకారం 30 నుంచి 65 ఏళ్లవాళ్లకు ఐదేళ్లకోసారి ఈ పరీక్ష చేయాలి. మీ ఏఎన్ఎమ్‌ను, ఆశాను పేరుపెట్టి అడగండి. ఏం చేస్తారు, ఎవరు చేస్తారు, మచ్చ ఉంటే ఎక్కడికి పంపుతారు అని ముందే అడగండి. ముట్టు రోజుల్లో వెళ్లకండి. ముట్లు ఆగాక గానీ, కలిసిన తర్వాత గానీ రక్తం కనపడితే మాత్రం ఈ పరీక్ష కోసం ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి. తెల్లమచ్చ కనపడినంత మాత్రాన క్యాన్సర్ వచ్చినట్టు కాదు. చాలాసార్లు ఆ మచ్చను చల్లదనంతో గానీ వేడితో గానీ పోగొడతారు. కడుపు కోయరు, గర్భసంచి ఉన్నచోటే ఉంటుంది.