తాత చెప్పిన "రక్తం వేరు"

పోయిన ఏడు చరిత్ర వ్యాసానికి కోటల గురించి రాసినాను. ఈ ఏడు పందుల గురించి రాస్తానంటే క్లాసులో అందరూ నవ్వినారు. మా ఇంట్లో తాత కాలం నుంచి పందులు పెంచుతున్నారు. ఆ సంగతి బయట చెప్పడానికి ఇన్నాళ్లూ నాకు సిగ్గుగా ఉండేది.

మూడేళ్ల కింద మా దొడ్డిలో రోగమొచ్చి పదకొండు పందులు పోయినాయి. రెండే మిగిలినాయి. నాయన వాటిని కూడా అమ్మేద్దామన్నాడు. తాత ఒప్పుకోలేదు. "మేత ఒకటే, దొడ్డి ఒకటే. అయినా ఇవి నిలబడినాయంటే వీటి రక్తం వేరురా" అన్నాడు. ఆ మాట వెనుక ఇంత చరిత్ర ఉందని ఈ వ్యాసం కోసం చదివినప్పుడే తెలిసింది.

1930లలో ఇంగ్లండులో పీటర్ గోరర్ అనే శాస్త్రవేత్త ఎలుకల మీద పరిశోధన చేశాడు. ఒక ఎలుక నుంచి తీసిన కణితిని ఇంకో ఎలుక శరీరం ఒప్పుకుంటుందా లేదా అన్నది కణాల మీది గుర్తులను బట్టి ఉంటుందని చూపాడు. 1958లో ఫ్రాన్సులో జాన్ దోసె మనుషుల తెల్లరక్తకణాల మీద అలాంటి గుర్తును కనిపెట్టాడు. 1980లో ఆయనకు మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. 1970లో ఫ్రాన్సులోనే మార్సెల్ వైమాన్ బృందం పందుల్లోనూ ఇవి ఉన్నాయని ప్రకటించింది. వీటిని తయారుచేసే జన్యువుల గుంపును ఎస్.ఎల్.ఏ. అంటారు.

ఇవి చేసే పని ఏమిటి? ఒంట్లోకి క్రిమి దూరితే, కణం ఆ క్రిమి ముక్కను తన పైకి తెచ్చి చూపిస్తుంది. కాపలా కణాలు దాన్ని గుర్తుపట్టి పోరాడతాయి. ఏ ముక్కను బాగా చూపించగలదన్నది ఒక్కో పందిలో ఒక్కో రకంగా ఉంటుంది. అందుకే ఒకే ఈతలో పుట్టిన పిల్లలు కూడా రోగాన్ని ఒకేలా తట్టుకోవు.

పందికి 19 జతల క్రోమోజోములు ఉంటాయి. ఎస్.ఎల్.ఏ. జన్యువులు ఏడో దాని మీద ఉన్నాయి. వీటికీ పంది ఎదుగుదలకూ, వీపు కొవ్వుకూ, ఈతకు పుట్టే పిల్లల సంఖ్యకూ సంబంధం ఉందేమోనని చాలామంది వెతికారు. ఒక వింత బయటపడింది. చైనాలోని మెయ్‌షాన్ పందులకు కొవ్వు ఎక్కువ. వాటిని యూరప్ పందులతో కలిపి చూస్తే, ఏడో క్రోమోజోము మీద ఎస్.ఎల్.ఏ. ఉన్న ప్రాంతంలో మెయ్‌షాన్ నుంచి వచ్చిన ముక్కే కొవ్వు తగ్గిస్తోంది! అలాగని ఎస్.ఎల్.ఏ. జన్యువే కారణం అనలేం. రైల్లో పక్కపక్క పెట్టెలు కలిసే వెళ్లినట్టు, దగ్గర దగ్గరగా ఉన్న జన్యువులు ఎక్కువగా కలిసే పిల్లలకు వస్తాయి. పని చేసింది పక్కనున్న జన్యువు కావచ్చు.

1976లో అమెరికాలో డేవిడ్ శాక్స్ బృందం ఒకే రకం ఎస్.ఎల్.ఏ. ఉండేలా పెంచిన పొట్టి పందుల గురించి ప్రకటించింది. అవయవ మార్పిడిని అర్థం చేసుకోవడానికి అవి ఉపయోగపడ్డాయి. 2022 జనవరి 7న మేరీల్యాండులో ఒక రోగికి పంది గుండె అమర్చారు. ఆ పందిలో పది జన్యు మార్పులు చేశారు. గుండె మరీ పెద్దదిగా పెరగకుండా చేసిన మార్పు కూడా అందులో ఒకటి. ఆయన రెండు నెలలు బతికాడు.

ఇదంతా తాతకు చదివి వినిపించినాను. "అయితే నేను చెప్పింది నిజమే కదా?" అన్నాడు. "సగం నిజం తాతా. ఆ రెండూ రక్తం వల్లే బతికినాయో, అదృష్టం వల్లో పరీక్ష చేస్తేగానీ తెలీదు" అన్నాను. తాత నవ్వి, "తెలిసేదాకా అమ్మకుండా ఉంటే చాలు" అన్నాడు.

ఇప్పుడు మా దొడ్డిలో ఉన్నవన్నీ ఆ రెండింటి సంతానమే. ఈసారి ఎవరైనా "మీ ఇంట్లో ఏం పెంచుతారు?" అని అడిగితే తల దించుకోను. పందులు అని చెబుతాను. అడిగితే ఏడో క్రోమోజోము సంగతీ చెబుతాను.